వదినకు ఏడో నెల, న్యుమోనియా, సీఆర్పీ 96. బిడ్డకు ప్రమాదమా?

రాయగడలో అడ్మిట్ చేసిన మీ వదినకు రక్తపరీక్షల్లో సీఆర్పీ (ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే పెరిగే ప్రొటీన్) 96, ఈఎస్ఆర్ (ఎర్రకణాలు ఎంత త్వరగా అడుగుకు దిగుతాయో చూసేది, అదీ వాపుకు గుర్తే) 70, తెల్లకణాలు 14,800 వచ్చాయని, బిడ్డకేమైనా అవుతుందా అని అడిగారు. మాది పర్లాకిమిడి. మా చెల్లికి ఎనిమిదో నెలలో ఇదే జబ్బు చేస్తే ఆసుపత్రిలో దగ్గరుండి చూసుకున్నది నేనే.

ముందు ఈఎస్ఆర్ గురించి టెన్షన్ మానేయండి. కడుపుతో ఉన్నవాళ్లకు రక్తంలో ఫైబ్రినోజెన్ అనే గడ్డకట్టించే ప్రొటీన్ పెరుగుతుంది కాబట్టి ఏ జబ్బూ లేకపోయినా అది ఎక్కువే వస్తుంది. తెల్లకణాలు కూడా నెలలు నిండేకొద్దీ 15,000 దాకా వెళ్లడం మామూలే. రిపోర్టులో పక్కన అచ్చువేసే నార్మల్ రేంజ్ గర్భిణులను దృష్టిలో పెట్టుకుని వేసింది కాదు.

సీఆర్పీని మాత్రం పట్టించుకోవాలి. గర్భంలో అదీ కాస్త పెరుగుతుంది గానీ 96 దాకా రాదు. అయితే మందు పడ్డాక అది దిగుతోందా అన్నదే అసలు ప్రశ్న. మొదటి ఒకటి రెండు రోజులు ఇంకా పెరిగినా పెరగొచ్చు. మూడు నాలుగు రోజులకు సగానికైనా దిగకపోతే యాంటీబయాటిక్ పనిచేయడం లేదేమో, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందేమో అని డాక్టర్లు మళ్లీ వెతుకుతారు.

మా చెల్లికి మొదట ఊళ్లో ల్యాబులో 11.8 వచ్చింది. బరంపురం తీసుకెళ్లాక చేస్తే 64. మా నాన్నగారు ఆ కాగితం పట్టుకుని వరండాలో కూలబడిపోయారు. డ్యూటీ డాక్టరమ్మ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి, అంకెల పక్కనున్న సన్నటి అక్షరాల కింద పెన్నుతో గీత గీసి చూపించారు. మొదటిది డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో, రెండోది లీటరుకు. అంటే 118 నుంచి 64కి దిగిందన్నమాట! ల్యాబు మారితే ముందు ఆ యూనిట్ చూడండి.

ప్రొకాల్సిటోనిన్ అనే రక్తపరీక్ష కూడా డాక్టర్లు రాస్తే చేయించండి. బ్యాక్టీరియా వల్ల వచ్చిందా అన్నది అంచనా వేయడానికి పనికొస్తుంది. తక్కువొచ్చిందని మీ అంతట మీరు ఇంజెక్షన్లు ఆపమనకండి. మలేరియాలోనూ సీఆర్పీ పెరుగుతుంది, కాబట్టి మన గజపతి, రాయగడ, కొరాపుట్ వైపు మలేరియా పరీక్ష తప్పనిసరిగా చేయించాలి.

బిడ్డ సంగతికొస్తే, సీఆర్పీ కంటే తల్లి ఆక్సిజన్ ముఖ్యం. వేలికి పెట్టే మీటరులో 95కి తగ్గకూడదు. ఊపిరి నిమిషానికి 25 దాటినా, బిడ్డ కదలికలు తగ్గినా, పొత్తికడుపు నొప్పి విడతలు విడతలుగా వస్తున్నా వెంటనే చెప్పాలి. న్యుమోనియాతో నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. ఛాతీ ఎక్స్‌రే అంటే ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటున్నారని రాశారు. అందులో బిడ్డకు చేరే రేడియేషన్ చాలా చాలా తక్కువ, తీయించండి. మీ వదినకు ఒడియా రాకపోతే, రాత్రిపూట ఆ భాష వచ్చినవాళ్లెవరైనా పక్కన ఉండేలా చూడండి. ఆయాసంలో నర్సుకు ఏం చెప్పాలన్నా ఆమెకు కష్టమవుతుంది.