చిన్న పిల్లలకి స్పేస్ వెదర్‌ని ఆన్‌లైన్ టూల్స్‌తో ఎలా చెప్పాలి?

స్పేస్ వెదర్ అంటే సూర్యుడి నుంచి వచ్చే కణాలు, వేడి పదార్థం వల్ల భూమి చుట్టూ అంతరిక్షంలో వచ్చే మార్పులు. ఆరేడేళ్ల పిల్లలైతే ముందు ఈ డెఫినిషన్ జోలికి వెళ్లకండి, బొమ్మ చూపించండి చాలు. హీలియోవ్యూయర్ అని ఫ్రీ సైట్ ఒకటి ఉంది, అందులో తేదీ మార్చుకుంటూ సూర్యుడి ఫొటోలు చూడొచ్చు, అవి నాసా 2010లో పంపిన ఎస్‌డీఓ లాంటి శాటిలైట్లు తీసినవి. 2024 మే 10కి వెళ్లి నల్ల మచ్చల గుంపు ఎక్కడుందో వెతకమనండి, పక్కనే స్కేల్ కోసం చిన్న భూమి బొమ్మ ఉంటుంది, రెండూ పోల్చి చూస్తే "భూమి ఇంతేనా!" అని వాళ్లే నోరెళ్లబెడతారు.

తర్వాత సోహో అని సూర్యుణ్ణి గమనించే ఇంకో శాటిలైట్ ఉంది, దాని కెమెరా వీడియో పెట్టండి. మధ్యలో గుండ్రటి బిళ్ల అడ్డం ఉంటుంది, ఎండకి మనం చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టే అని చెప్పండి, దాని చుట్టూ పొగలా ఎగసేదే సూర్యుడు విసిరిన వేడి పదార్థం. ఒక్కోసారి స్క్రీన్ నిండా తెల్ల చుక్కలు పడతాయి, వీడియో పాడైంది అనుకుంటారు గానీ కాదు, సూర్యుడి నుంచి వచ్చిన కణాలు కెమెరాకి తగిలిన గుర్తులు అవి (నాకైతే ఇదే అన్నిటికంటే నచ్చుతుంది).

వెలుగు 8 నిమిషాల్లో వస్తుంది, ఈ పదార్థానికి మాత్రం మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, కాబట్టి క్యాలెండర్‌లో "ఎప్పుడొస్తుందో" రాయించి నోవా (అమెరికా వాతావరణ సంస్థ) వాళ్ల అరోరా మ్యాప్‌లో, అంటే ఈ పదార్థం వచ్చినప్పుడు ధ్రువాల వైపు ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు మ్యాప్‌లో, ఆకుపచ్చ రంగు పెరిగిందా లేదా రోజూ చెక్ చేయించండి. చాలాసార్లు అసలు మన వైపే రాదు, అదీ చెప్పండి. భయపడితే, గాలి, భూమి అయస్కాంత శక్తి మనల్ని కాపాడతాయని, ఇబ్బంది ఎక్కువగా శాటిలైట్లకి, కరెంటు లైన్లకేనని చెప్తే సరిపోతుంది.