అడ్రస్‌లో రెడింగ్, బిల్లు మీద వోకింగమ్: ఇందులో మోసమేం లేదండీ

"రెడింగ్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాం, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు చూస్తే వోకింగమ్ నుంచి వచ్చింది, ఏజెంటు ఏమైనా తేడా చేశాడా?" ఇంగ్లండ్‌లోని ఈ ప్రాంతంలో కొత్తగా దిగినవాళ్లలో ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. కౌన్సిల్ ట్యాక్స్ అంటే ఇంట్లో ఉండేవాళ్లు స్థానిక కౌన్సిల్‌కి కట్టే పన్ను. టెన్షన్ పడకండి. గచ్చిబౌలిలో ఉండి ఊరేదంటే హైదరాబాద్ అంటాం, జిల్లా చూస్తే రంగారెడ్డి. ఇక్కడా అదే కథ. ఎర్లీ, లోయర్ ఎర్లీ, వుడ్లీ, షిన్‌ఫీల్డ్ ఇళ్లకు పోస్టల్ అడ్రస్‌లో రెడింగ్ అనే రాస్తారు, కానీ చెత్త తీసుకెళ్లేది, పిల్లల స్కూల్ సీటు చూసేది వోకింగమ్ బరో (స్థానిక పాలనా ప్రాంతం) కౌన్సిల్. ఆర్‌జీ5, ఆర్‌జీ6 పోస్ట్‌కోడ్‌లలో చాలా భాగం ఇటే వస్తుంది. పడమటి వైపు టైల్‌హర్స్ట్‌లో అయితే కొన్ని వీధులు వెస్ట్ బర్క్‌షైర్ అనే మరో కౌన్సిల్ కిందకి పోతాయి. కాబట్టి ఇల్లు చూసేటప్పుడే గవర్నమెంట్ సైట్‌లో పోస్ట్‌కోడ్ కొట్టి ఏ కౌన్సిలో చూసుకోండి, ఏజెంటు నోటిమాట నమ్మొద్దు. రెడింగ్ యూనివర్సిటీ వైట్‌నైట్స్ క్యాంపస్సే కొంత అటు, కొంత ఇటు ఉంటుందంటే అర్థం చేసుకోండి.

ఇలా ఎందుకైందంటే, 1974 ఏప్రిల్ 1న వోకింగమ్ పట్టణాన్ని, దాని చుట్టూ ఉన్న రూరల్ డిస్ట్రిక్ట్‌ని కలిపి ఒక జిల్లా చేశారు. ఎర్లీ, వుడ్లీ అప్పటికే ఆ రూరల్ లెక్కలో ఉన్నాయి, అందుకే రెడింగ్‌ని ఆనుకునే ఉన్నా ఇటే వచ్చాయి. లోయర్ ఎర్లీలో వేల ఇళ్లు లేచింది ఆ తర్వాతే. 1998లో బర్క్‌షైర్ కౌంటీ కౌన్సిల్‌ని మొత్తానికే ఎత్తేసి దాని పనులన్నీ ఆరు కౌన్సిళ్లకు పంచేశారు. బర్క్‌షైర్ పేరు ఇంకా వాడుకలో ఉంది గానీ ఆ పేరుతో మీరు వెళ్లి అడగాల్సిన ఆఫీసంటూ లేదు. బేసింగ్‌స్టోక్‌లో ఉన్న మీ ఫ్రెండ్ చెప్పే లెక్క ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే అక్కడ రెండంచెలు: చెత్త డిస్ట్రిక్ట్ చూస్తుంది, స్కూళ్లు హాంప్‌షైర్ కౌంటీ చూస్తుంది. ఇక్కడ రెండూ ఒక్కరే.

మనవాళ్లు నమ్మని విషయం ఇంకోటి. 2021 జనాభా లెక్కల్లో వోకింగమ్ బరోలో సుమారు 1,77,500 మంది, రెడింగ్ బరోలో సుమారు 1,74,200. అంటే మనం పెద్ద సిటీ అనుకునే రెడింగ్ కంటే ఇక్కడే జనం ఎక్కువ! కాకపోతే రెడింగ్ 40 చదరపు కిలోమీటర్లలో ఇరుక్కుని ఉంటే ఇది 179 దాకా పరుచుకుంది, అందుకే ఆ రద్దీ కనపడదు. 2011లో ఇక్కడున్నది సుమారు 1,54,400 మందే. షిన్‌ఫీల్డ్‌లో పొలాలు పోయి కాలనీలు వచ్చాయి, ఆర్బర్‌ఫీల్డ్‌లో సైన్యం 2015లో ఖాళీ చేసిన గారిసన్ (సైనిక శిబిరం) స్థలంలో కూడా ఇళ్లే కడుతున్నారు. కొత్త ఇల్లు, గార్డెన్ అని మురిసిపోయి ఆర్బర్‌ఫీల్డ్ వెళ్లేవాళ్లకు ఒక్కమాట: అక్కడ రైల్వే స్టేషన్ లేదు, కారు లేకపోతే బస్సే దిక్కు.

రైలు సంగతి ఇల్లు చూడకముందే తేల్చుకోవాలి. ఎర్లీ, విన్నర్ష్, వోకింగమ్ స్టేషన్ల నుంచి లండన్ వెళ్తే వాటర్లూలో దిగుతారు, అదీ గంట పైనే. ట్వైఫర్డ్ కూడా ఈ బరోలోదే, కానీ అక్కడి నుంచి ప్యాడింగ్టన్ వైపు, లండన్ మధ్యలోంచి తూర్పుకు పోయే ఎలిజబెత్ లైన్ రైలు కూడా ఉంది. ఆఫీసు తూర్పు లండన్‌లోని కెనరీ వార్ఫ్‌లో పెట్టుకుని వోకింగమ్ స్టేషన్ పక్కనే ఇల్లు తీసుకుంటే రోజూ తిట్టుకుంటూ తిరగాలి. అన్నట్టు వోకింగ్ వేరు, అది సర్రేలో ఉంది. టికెట్ కొనేటప్పుడు చూసి కొనండి.

ఈ బరోకి ఉత్తరాన థేమ్స్ నది, దక్షిణాన బ్లాక్‌వాటర్ నది, మధ్యలో లోడన్ నది. లోడన్ చూడ్డానికి పిల్లకాలువలా ఉంటుంది గానీ చలికాలం వానలకు పొలాల మీదకి వచ్చేస్తుంది. ఇల్లు కొనేవాళ్లయితే ఫ్లడ్ రిస్క్ మ్యాప్ చూడకుండా సంతకం పెట్టొద్దు.

చరిత్ర అంటే ఇష్టం ఉంటే వుడ్లీలో విమానాల మ్యూజియం చూడండి. ఇప్పుడు ఇళ్లున్న చోట ఒకప్పుడు ఎయిర్‌ఫీల్డ్ ఉండేది, డగ్లస్ బేడర్ అనే పైలట్ 1931లో అక్కడే విమానం కూలి రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు, తర్వాత కృత్రిమ కాళ్లతోనే రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడిపాడు. వోకింగమ్ పట్టణంలోనైతే ఏటా డిసెంబరులో ఎద్దును కట్టేసి కుక్కల్ని ఉసిగొల్పే వేడుక 1821 దాకా జరిగింది. ఇంత నెమ్మదస్తుల్లా కనిపించే ఊరు!

మళ్లీ బిల్లు దగ్గరికి వద్దాం. దాంట్లో వోకింగమ్ బరో, థేమ్స్ వ్యాలీ పోలీసు, ఫైర్ సర్వీసు, వాటి కింద మీరు ఎర్లీలో ఉంటే ఎర్లీ టౌన్ కౌన్సిల్ అని ఇంకో చిన్న మొత్తం ఉంటుంది. ఇదేదో డబుల్ వసూలు అనుకోకండి, పార్కుల లాంటివి చూసే స్థానిక కౌన్సిల్ వాటా అది. రెడింగ్ బరోలో టౌన్ కౌన్సిళ్లు లేవు, అందుకే అక్కడివాళ్ల బిల్లులో ఆ లైను కనపడదు. సాధారణంగా ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది వాయిదాలు. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గిస్తారు, అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లయితే అసలు కట్టక్కర్లేదు, కానీ రెండూ అడిగితేనే ఇస్తారు.

అలాగే ఓటు. కామన్‌వెల్త్ దేశం కాబట్టి ఇండియన్ పాస్‌పోర్ట్ మీద వీసాతో ఉన్న మీకూ ఇక్కడ ఓటుంది. నమోదు చేసుకుంటే క్రెడిట్ స్కోరుకూ పనికొస్తుంది, చాలామంది వదిలేస్తారు.

పిల్లలున్నవాళ్లు మాత్రం ఇది రాసిపెట్టుకోండి. మీరు కోరుకునే స్కూల్ రెడింగ్ బరోలో ఉన్నా, అప్లికేషన్ మీరు నివసించే కౌన్సిల్‌కే పెట్టాలి. సెకండరీకి గడువు అక్టోబర్ 31, ప్రైమరీకి జనవరి 15. కెండ్రిక్, రెడింగ్ స్కూల్ లాంటి గ్రామర్ స్కూళ్ల (పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకునే స్కూళ్లు) పరీక్షకు రిజిస్ట్రేషన్ వేరే, అది ఇంకా ముందే ముగుస్తుంది, కాబట్టి పిల్లలు ఇయర్ 5 క్లాసులో ఉండగానే ఆ స్కూళ్ల సైట్లు చూడటం మొదలుపెట్టండి.