కుంటలోని పాచితో భారలోహాలు పోతాయా?

సందేహం: లోహాలకు పూత పూసే పరిశ్రమ మురుగు కొంత మా నీటికుంటలో కలుస్తోంది. కుంటంతా దారాల్లాంటి పచ్చని పాచి అల్లుకుంది. అది భారలోహాలను పీల్చేస్తుందని, అలాగే వదిలేయమని కొందరు చెబుతున్నారు. ఈ నీరు ఆకుకూరలకు పెట్టవచ్చా? తీసిన పాచిని పశువులకు గాని, ఎరువుగా గాని వాడవచ్చా?

సలహా: పాచి లోహాలను పట్టుకుంటుందన్న మాట నిజమే. అలాగే వదిలేయమన్న సలహాతోనే చిక్కు.

పాచి కణాల గోడల్లో కార్బాక్సిల్, ఫాస్ఫేట్ వంటి రుణావేశం గల రసాయన సమూహాలు ఉంటాయి. సీసం, కాడ్మియం, రాగి, నికెల్ నీటిలో ఎక్కువగా ధనావేశంతో ఉంటాయి కనుక గోడకు అంటుకుంటాయి. చాలావరకు ఇది గంటలోపే జరిగిపోతుంది. దీనికి పాచి బతికి ఉండనక్కర్లేదు, ఎండబెట్టిన పొడి కూడా పట్టుకుంటుంది. ఆ తర్వాత కొంత లోహం మెల్లగా కణం లోపలికి చేరుతుంది. బతికున్న కణం ఫైటోకెలాటిన్లు అనే పదార్థాలను తయారుచేసి దాన్ని బంధిస్తుంది. లోహం మోతాదు మించితే పాచే చచ్చిపోతుంది.

ఈ పట్టు అన్ని నీళ్లలో ఒకేలా ఉండదు. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే ఉదజని సూచిక (pH) 5–6 మధ్య ఉంటే సాధారణంగా బాగా పట్టుకుంటుంది. నీరు బాగా ఆమ్లంగా మారితే పట్టుకున్నదాన్నీ వదిలేస్తుంది. ఉప్పునీటిలో, కాల్షియం ఎక్కువున్న నీటిలో పట్టు తగ్గుతుంది. మీ విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది క్రోమియం. పూత పరిశ్రమల మురుగులో తరచుగా కనిపించే ఆరు వేలెన్సీ క్రోమియం (క్రోమియంలో ఒక రూపం) నీటిలో రుణావేశంతో ఉంటుంది కాబట్టి మామూలు కుంట నీటిలో పాచికి అంతగా చిక్కదు.

పైగా లోహం కుళ్లి నశించే పదార్థం కాదు. పాచి కుళ్లితే అది తిరిగి నీటిలోకో, అడుగు బురదలోకో చేరుతుంది. అందుకే పాచి పచ్చగా ఉండగానే చేతొడుగులు వేసుకుని గట్టుకు లాగేయండి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) మాత్రం చల్లవద్దు. పాచి ఒక్కసారిగా చచ్చి లోహాన్ని వదిలేస్తుంది, దానికి రాగి అదనంగా తోడవుతుంది.

తీసిన పాచిని పశువులకు, చేపలకు వేయకండి. కంపోస్టుకూ పనికిరాదు. కుళ్లే కొద్దీ దాని బరువు తగ్గుతుంది గాని లోహం తగ్గదు, అంటే కిలో ఎరువులో లోహం మరింత పెరుగుతుంది. తగలబెట్టినా బూడిదలో మిగులుతుంది, కొంత పొగలో కలుస్తుంది. నీరు కుంటలోకి కారని చోట టార్పాలిన్ మీద ఆరబెట్టి, ప్రమాదకర వ్యర్థాలను సేకరించేవారికి అప్పగించండి.

ఆకుకూరలు కాడ్మియాన్ని తేలిగ్గా ఆకుల్లోకి తీసుకుంటాయి. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఈ నీరు వాటికి పెట్టకండి, పశువులకూ తాపకండి. నమూనా సీసాను ప్రయోగశాల నుంచే తెచ్చుకుని, పాచి పోగులు పడకుండా నింపండి. మట్టిని కూడా పరీక్షకు ఇవ్వండి. సాగునీటికి ఆహార, వ్యవసాయ సంస్థ సూచించిన పరిమితులు లీటరుకు కాడ్మియం 0.01, క్రోమియం 0.1, నికెల్ 0.2, రాగి 0.2 మిల్లీగ్రాములు. ఏ ఒక్కటి మించినా నివేదికతో కాలుష్య నియంత్రణ అధికారులకు ఫిర్యాదు చేయండి. మురుగు రావడం ఆగనంతకాలం ఎంత పాచి తీసినా పని తీరదు.