మీ ప్రశ్నలు – మా జవాబులు: మృతుల లోకానికి దారి

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను. మా ఊరు కృష్ణ ఒడ్డున ఉంది. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు మా తాతవాళ్ళ పాత ఊరు నీళ్ళలో మునిగిపోయింది. గ్రీకుల మృతలోక కథలు చదివిన తరువాత ఒక నవల మొదలుపెట్టాను. పద్నాలుగేళ్ళ అమ్మాయి, చనిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ, పుట్టి పడవ ఎక్కి, ఆ మునిగిన ఊరి మీదుగా మృతుల లోకానికి దిగుతుంది. అయితే నాలుగు అధ్యాయాలకే కథంతా యుద్ధాలతో నిండిపోయింది. ఒక రాక్షసుడు చస్తే ఇంకొకడు వస్తున్నాడు. గ్రీకుల మృతలోక రాజు హేడిస్‌కు బదులు యముణ్ణి పెడితే బాగుపడుతుందా?
– ఒక విద్యార్థిని, కొల్లాపూర్ ప్రాంతం

జవాబు: అమ్మా, నీ కథకు ఆయువుపట్టు ఆ మునిగిన ఊరే. దాన్ని వదలకు. గ్రీకులు కూడా మృతుల లోకపు ద్వారాలను తమకు తెలిసిన నేలమీదనే చూపించారు. దక్షిణాన టైనరాన్ అగ్రం దగ్గర ఒక గుహ ఉందన్నారు. మృతులు దాటవలసిన నదుల్లో ఒకటైన అకెరాన్ పేరుతో వాయవ్య గ్రీసులో ఈనాటికీ ఒక నది పారుతున్నది. కాబట్టి కృష్ణలోనుంచి దారి తీయడానికి నువ్వు సంకోచించనక్కర లేదు.

యుద్ధాల సంగతికి వస్తే, ఆ కథల్లో పాతాళానికి దిగినవాళ్ళు అక్కడ కత్తి బలంతో గెలవడం చాలా అరుదు. కాపలా కుక్క కెర్బెరస్‌ను పట్టి తేవడానికి వెళ్ళిన మహాబలుడు హెరాక్లిస్ సైతం, ఆయుధం ముట్టకుండా పట్టుకోవాలన్న హేడిస్ షరతుకు లోబడే దాన్ని తెచ్చాడని ఒక కథనం. పెర్సెఫొనీ రాణిని ఎత్తుకుపోదామని దిగిన థీసియస్, పిరిథొయస్‌లు కూర్చున్న ఆసనాలకే అతుక్కుపోయారు. పాటతో మెప్పించిన ఆర్ఫియస్‌కు చనిపోయిన భార్యను ఇచ్చి పంపారు గాని, వెలుగులోకి వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడరాదన్నారు. అతడు చూశాడు, ఆమె మళ్ళీ దూరమైంది. ఆ లోకం నియమాలతో నడుస్తుంది. అక్కడ దేనికైనా ఒక వెల ఉంటుంది. నీ రాక్షసుల్లో చాలామందిని తీసివేసి, వారున్న చోట ఒక్కొక్క నియమాన్ని పెట్టు. పాటించినా బాధ, తప్పినా బాధ అనిపించేటట్లు ఆ నియమం ఉండాలి.

దీనికి నాకు తెలిసినంతలో అన్నింటికన్నా గొప్ప ఉదాహరణ గ్రీకు కవి హోమర్ రాసిన ఒడిస్సీ కావ్యం పదకొండవ సర్గలో ఉంది. ఇల్లు చేరే దారి చెప్పగల జ్ఞాని టైరీసియస్ ఛాయతో మాట్లాడడానికి కథానాయకుడు ఒడిస్సియస్ ఒక గుంట తవ్వి అందులో బలిరక్తం పోస్తాడు. ఆ రక్తం తాగితేనే మృతులకు మనుషులను పోల్చుకొని మాట్లాడే శక్తి వస్తుంది. మూగివచ్చిన ఛాయల్లో అతని తల్లి కూడా ఉంటుంది. తాను యుద్ధానికి బయలుదేరిననాడు బతికే ఉన్న తల్లి చనిపోయిందని అతనికి అప్పుడే తెలుస్తుంది. అయినా జ్ఞాని తాగేదాకా ఎవరినీ రానీయరాదు గనుక, కన్నీళ్ళు పెట్టుకుంటూనే కన్నతల్లిని సైతం రక్తానికి దూరంగా ఆపుతాడు. తరువాత ఆమె తాగి, కొడుకును గుర్తుపట్టి మాట్లాడుతుంది. అతడు మూడుసార్లు కౌగిలించుకోబోతే మూడుసార్లూ చేతుల్లోనుంచి నీడలాగా జారిపోతుంది. ఈ ఘట్టంలో యుద్ధం లేదు, అయినా చదివేవాడికి ఊపిరి ఆడదు. నీ కథానాయికకు కూడా తమ్ముడు ఎదురుగా కనబడుతున్నా అతన్ని ఆపి, ముందుగా మరొకరికి దారి ఇవ్వవలసిన పరిస్థితి కల్పించు. ఆ ఒక్క అధ్యాయాన్ని తొందరపడకుండా, ఎన్ని పుటలైనా తీసుకొని రాయి.

నియమాల కోసం నీవు గ్రీసు దాకా పోనవసరం లేదు. మృతుడి నోట ఒక నాణెం ఉంచితేనే కేరన్ తన పడవలో నది దాటిస్తాడని గ్రీకులు నమ్మారు. మన ఇళ్ళలో పోయినవారి నుదుట రూపాయి బిళ్ళ పెట్టడం నీవు చూసే ఉంటావు. ఆర్ఫియస్‌కు పెట్టిన షరతు కూడా, శ్మశానం నుంచి వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడరాదని మన పెద్దలు చెప్పే మాటకు ఎంతో దగ్గర. చిన్ననాటినుంచి విన్న మాటను తానే మీరవలసి వచ్చిన పిల్ల బాధ పాఠకుడికి విడమరచి చెప్పనక్కర లేకుండానే అందుతుంది. భాద్రపద అమావాస్యనాడు, పెత్రమాసకు, పోయిన పెద్దల పేరిట బియ్యం ఇచ్చి, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ ఆడే నేల మనది. పెర్సెఫొనీ కూడా చెలికత్తెలతో కలిసి పూలు కోస్తుండగానే భూమి చీలి హేడిస్ ఆమెను ఎత్తుకుపోయాడు. నీ అమ్మాయి ఆ సాయంత్రమే పుట్టి ఎక్కాలని నాకు గట్టిగా అనిపిస్తున్నది.

ఇంకొక సంగతి కూడా ఆలోచించు. అంత్యక్రియలు జరగనివాళ్ళను కేరన్ పడవ ఎక్కించుకోడు. అలాంటివాళ్ళు నూరేళ్ళు ఆ ఒడ్డునే తిరుగాడాలని రోమన్ కవి వర్జిల్ రాశాడు. శ్రీశైలం నీళ్ళలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్ళు విప్పి ఆలంపురంలో తిరిగి కట్టగలిగారు గాని, ఊళ్ళ పొలాలను, శ్మశానాలను తరలించడం ఎవరి తరమూ కాలేదు. పాత ఊరి మట్టిలోనే కలవాలని కోరుకొని, కొత్త కాలనీలో కన్నుమూసిన ముసలివాళ్ళు నీ కథలోని ఒడ్డున నిలబడి ఉన్నారనుకో. ఈ విషయం మీ తాతను అడిగి తెలుసుకొని రాయవలసింది నువ్వే.

హేడిస్‌ను తీసివేసి యముణ్ణి పెట్టినంత మాత్రాన కథ బాగుపడదు. ఇద్దరి స్వభావాలూ వేరు. హేడిస్ తన సోదరులు జ్యూస్, పొసైడన్‌లతో చీట్లు వేసుకోగా వాటాకు వచ్చిన లోకాన్ని ఏలుతాడు. ప్రాణం తీసేది థానటోస్, తీర్పు చెప్పేవాళ్ళుగా మైనోస్ మొదలైనవారు వేరుగా ఉన్నారు. మన యముడు స్వయంగా ధర్మాధర్మాలు విచారించేవాడు, మాటకు మాట చెప్పగలిగితే వినేవాడు. సావిత్రి మాటలతోనే భర్తను దక్కించుకుంది. నచికేతుడు మూడు రాత్రులు అన్నం లేకుండా ఆయన వాకిట వేచి మూడు వరాలు పొందాడు. నీ కథ షరతుల మీద నడిచేది గనుక యముణ్ణి తేవద్దనే నా సలహా. ఆ మాటకొస్తే రాజును చూపించకపోయినా నష్టం లేదు. నేను చెప్పిన ఒడిస్సీ ఘట్టంలో హేడిస్ ఒక్కసారి కూడా ఎదురుపడడు.

ప్రశ్న: ఏడో తరగతి పిల్లలకు ఈ కథలు చెప్తుంటే, చావు కథలు ఎందుకని కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్తున్నారు. మానివేయాలా?
– ఒక ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: మానవద్దు. నచికేతుడు బాలుడే, అతని కథను మనం పిల్లలకు చెప్పకుండా దాచలేదు. అయితే తరగతిలో ఈమధ్య ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలుంటే, ఆర్ఫియస్ కథతో మొదలుపెట్టకండి. అతడు తిరిగి చూడడం వల్లనే ఆమె దక్కలేదన్న మాటను, పోయినవాళ్ళు తన తప్పువల్లనే పోయారన్నట్లుగా పసిమనసు తీసుకునే ప్రమాదం ఉంది. పెర్సెఫొనీ తల్లి డెమెటర్ కథ చెప్పండి. కూతురి కోసం ఆ తల్లి కాగడాలు పట్టుకొని, తిండి మాని, తొమ్మిది రోజులు నేలంతా వెతికింది. ఆమె దుఃఖానికి పంటలే ఆగిపోయాయి. చివరకు బిడ్డ తిరిగి వచ్చినా, అక్కడ దానిమ్మ గింజ తిన్నందువల్ల ఏడాదిలో మూడో వంతు కింది లోకంలో ఉండవలసి వచ్చింది. పెర్సెఫొనీని ఆమె ఇష్టం లేకుండానే తీసుకుపోయారనీ, తండ్రి జ్యూస్ అందుకు ఒప్పుకున్నాడనీ కూడా దాచకుండా చెప్పండి. పన్నెండేళ్ళ పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, దాని మీద తప్పక ప్రశ్నలు వేస్తారు, వేయనివ్వండి.

ప్రశ్న: కెర్బెరస్‌కు తలలు మూడా, యాభయ్యా? కథలో ఏది వాడాలి?
– ఇంటర్ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: ప్రాచీన గ్రీకు కవి హీసియడ్ యాభై అన్నాడు, తరువాత మూడు తలల రూపమే స్థిరపడింది. ఏదైనా వాడుకోవచ్చు. తలల లెక్కకన్నా హీసియడ్ చెప్పిన దాని గుణం మీకు ఎక్కువ పనికివస్తుంది. లోపలికి వచ్చేవాళ్ళను అది తోక ఊపి, చెవులు వాల్చి మచ్చికగా రానిస్తుంది, బయటికి పోబోయేవాళ్ళను మాత్రం పట్టి మింగుతుంది. అందువల్ల మీ కథానాయకుడు దిగేటప్పుడు ఆ కుక్క అతని చేయి నాకినా తప్పులేదు. దానితో అసలు పేచీ తిరుగు ప్రయాణంలో పెట్టండి.