‘వెల్త్ ఆఫ్ నేషన్స్’తో మొదలుపెట్టకండి

ప్రశ్న: సైన్సు చదివినవాణ్ని. స్వేచ్ఛా మార్కెట్ ఆర్థికశాస్త్రం మొదటినుంచీ నేర్చుకుందామని ఆడమ్ స్మిత్ ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ పట్టుకున్నాను. యాభై పేజీలు కూడా సాగలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: 1776 నాటి ఆ పుస్తకం ఇప్పుడు మొత్తం చదవక్కర్లేదు. పట్టుదలగా ముందుకు వెళ్లినవాళ్లు కూడా వెండి ధరల మీద స్మిత్ రాసిన సుదీర్ఘ చర్చ దగ్గర చతికిలబడతారు. మొదటి మూడు అధ్యాయాలు చదివి పక్కన పెట్టండి. పదిమంది పని పంచుకుని రోజుకు 48,000 గుండుసూదులు తయారుచేసే సంగతి, మార్కెట్ విస్తరించిన కొద్దీ శ్రమ విభజన పెరుగుతుందన్న సూత్రం అక్కడే ఉన్నాయి.

అసలు మొదలు లియొనార్డ్ రీడ్ 1958లో రాసిన ‘ఐ, పెన్సిల్’. నాలుగైదు పేజీల వ్యాసం. ఒక్క పెన్సిల్ తయారీ మొత్తం తెలిసిన మనిషి ఎవరూ లేకపోయినా అది ఎలా తయారవుతోందో చెబుతుంది. తర్వాత 1850లో ఫ్రెంచి రచయిత బాస్టియా రాసిన వ్యాసంలో పగిలిన కిటికీ అద్దం భాగం చదవండి. అద్దం బిగించేవాడికి పని దొరకడం కంటికి కనిపిస్తుంది. ఆ డబ్బుతో ఇంటాయన కొనుక్కోవాల్సిన చెప్పులజత కొనలేకపోవడం, చెప్పులు కుట్టేవాడి బేరం పోవడం కనిపించవు. ఇదే ఆలోచనను సుంకాలకు, ధరల నియంత్రణకు, కనీస వేతనానికి వరసగా వర్తింపజేసిన పుస్తకం హెన్రీ హజ్లిట్ ‘ఎకనామిక్స్ ఇన్ వన్ లెసన్’ (1946).

హజ్లిట్‌ని నవల చదివినట్టు చదివితే అంతా ఒప్పేసుకుంటారు, వారం తిరిగేసరికి ఏదీ గుర్తుండదు. ప్రతి అధ్యాయానికీ ఒక కాగితం తీసుకోండి. ఎడమవైపు ‘వెంటనే లాభపడేవాళ్లు’, కుడివైపు ‘ఆ ఖర్చు చివరికి ఎవరి మీద పడుతుంది’ అని రాసి, పుస్తకం మూసి నింపండి. కుడివైపు ఖాళీగా మిగిలితే ఆ అధ్యాయం మళ్లీ చదవాలి. ఇవి అయ్యాక థామస్ సోవెల్ ‘బేసిక్ ఎకనామిక్స్’. లావు చూసి జంకకండి, అందులో గ్రాఫులూ సమీకరణాలూ ఉండవు. ధరల మీద ఉన్న భాగం ముందు చదవండి.

ప్రశ్న: గ్రాఫులంటే భయం. అవి లేకుండా నడవదా?

జవాబు: కొంతదూరం నడుస్తుంది. అయితే అంకెలు తప్పవు, ఒక చిన్న లెక్క చేతితో వేసి చూడండి. అయిదుగురు కొనేవాళ్లు ఒక వస్తువుకి వరసగా 50, 40, 30, 20, 10 వరకూ ఇవ్వగలరు. అయిదుగురు అమ్మేవాళ్లకి అది 10, 20, 30, 40, 50 కన్నా తక్కువకి గిట్టదు. ధర 30 దగ్గర ముగ్గురు కొంటారు, ముగ్గురు అమ్ముతారు. ఇవ్వగలిగిన దానికీ ఇచ్చినదానికీ తేడా, వచ్చినదానికీ గిట్టుబాటుకీ తేడా అన్నీ కూడితే మొత్తం లాభం 60.

ఇప్పుడు 20కి మించి అమ్మకూడదని ఆంక్ష పెట్టండి. కొనేవాళ్లు నలుగురవుతారు, అమ్మేవాళ్లు ఇద్దరే మిగులుతారు. ఆ రెండూ 50, 40 ఇవ్వగలిగినవాళ్లకే దక్కితే లాభం 60 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే ఆగిపోయిన మూడో బేరంలో లాభం సున్నా. కానీ వాళ్లకే దక్కుతుందన్న భరోసా ధర ఇక ఇవ్వదు. వరసలో ముందు నిలబడ్డవాళ్లు 30, 20 వాళ్లయితే లాభం 20కి పడిపోతుంది. కొరత ఒక్కటే నష్టం అనుకునేవాళ్లు సరిగ్గా ఈ రెండో నష్టాన్నే వదిలేస్తారు.

ఇంకొక పొరపాటు దాదాపు అందరూ చేస్తారు. ధర తగ్గి ఎక్కువమంది కొంటే ‘డిమాండ్ పెరిగింది’ అనేస్తారు. అప్పుడు పెరిగింది కొన్న పరిమాణం మాత్రమే, అంటే ఏ ధరకి ఎంత కొంటారో చూపే అదే డిమాండ్ రేఖ మీద కిందికి జరిగాం. ఆదాయాలో అభిరుచులో మారి, పాత ధరకే ఎక్కువ కొంటే అప్పుడు రేఖే పక్కకి జరుగుతుంది. ఈ తేడా పట్టుబడితే గ్రాఫు భయం సగం పోయినట్టే.

ప్రశ్న: స్వేచ్ఛా మార్కెట్‌ను సమర్థించిన ఆర్థికవేత్తలు మైజెస్, హయెక్, ఫ్రీడ్‌మన్ ముగ్గురూ చెప్పేది ఒకటేనా?

జవాబు: కాదు. మైజెస్ కొన్ని మూలసూత్రాల నుంచి తర్కంతో సిద్ధాంతం కడతాడు. సిద్ధాంతం చెప్పిన జోస్యం నిజమైందా లేదా అన్నదే గీటురాయి అని ఫ్రీడ్‌మన్ 1953లో రాశాడు. డబ్బు విషయంలో మరీ దూరం: ద్రవ్య సరఫరాను ఏటా ఒకే రేటున పెంచమన్నది ఫ్రీడ్‌మన్ సూచన, అసలు డబ్బు జారీలో ప్రభుత్వ గుత్తాధిపత్యమే వద్దన్నది 1976 నాటి హయెక్ వాదన. హయెక్‌ని 1945 నాటి ‘ది యూజ్ ఆఫ్ నాలెడ్జ్ ఇన్ సొసైటీ’ వ్యాసంతో మొదలుపెట్టండి. మైజెస్ ‘హ్యూమన్ యాక్షన్’ చివరికి ఉంచుకోండి.

ప్రశ్న: ఒకవైపు వాదనే బుర్రకెక్కించుకుంటున్నానేమో?

జవాబు: ఎక్కించుకుంటున్నారు. హజ్లిట్ రాసింది వాదన, పాఠ్యపుస్తకం కాదు. నాణ్యత అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు మార్కెట్ ఎలా కుంచించుకుపోతుందో పాత కార్ల ఉదాహరణతో జార్జ్ అకెర్లాఫ్ 1970లో చూపాడు, అది చదవండి. కాలుష్యం లాంటి వాటికి పన్ను వేయాలన్న పిగూ (1920) వాదననూ, పశువులు పక్క చేలో పడే ఉదాహరణతో రొనాల్డ్ కోస్ (1960) ఇచ్చిన జవాబునూ పక్కపక్కన పెట్టి చూడండి. కనీస వేతనం మీద కార్డ్, క్రూగర్ 1994లో న్యూజెర్సీ ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పరిశీలించి, వేతనం పెంచినా ఉద్యోగాలు తగ్గలేదన్నారు. న్యూమార్క్, వాషర్ 2000లో దాన్ని ఖండించారు. హజ్లిట్ అధ్యాయం చదివిన వారంలోనే ఈ రెండూ చదివితే మంచిది.

ప్రశ్న: డబ్బు పెట్టకుండా దొరికేవి?

జవాబు: బాస్టియా, స్మిత్ కాపీరైటు దాటిపోయిన రచనలు, ఎకన్‌లిబ్ సైట్‌లో ఉచితం. అక్కడే చిన్న చిన్న వ్యాసాల ఆర్థికశాస్త్ర విజ్ఞాన సర్వస్వం కూడా ఉంది, తెలియని పదం ఎదురైనప్పుడల్లా తెరవచ్చు. వీడియోలు కావాలంటే మార్జినల్ రివల్యూషన్ యూనివర్సిటీ వారి సూక్ష్మ అర్థశాస్త్ర పాఠాలు క్రమం తప్పకుండా చూడండి. ప్రశ్నలు వచ్చినచోట వీడియో ఆపి జవాబు రాసుకున్నాకే ముందుకు కదలండి. పాడ్‌కాస్ట్‌లలో 2006 నుంచి నడుస్తున్న రస్ రాబర్ట్స్ ‘ఎకన్‌టాక్’ బాగుంటుంది, కానీ పైన చెప్పిన లెక్క ఒకసారి చేతితో వేశాకే.