బౌండరీ పెట్టినా సాఫ్ట్‌వేర్ దూరపు సర్వర్ నుంచే ఎందుకు వస్తోంది?

ఉప్పల్ శాఖలో సర్వర్ ఉండగా అక్కడి కంప్యూటర్లు గచ్చిబౌలి నుంచి సాఫ్ట్‌వేర్ దించుకుంటున్నాయంటే, మీరు మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో (ఆఫీసు కంప్యూటర్లకు సాఫ్ట్‌వేర్ పంపి నిర్వహించే సాధనం) బౌండరీ, అంటే ఒక శాఖ నెట్‌వర్క్ చిరునామాల హద్దు, సృష్టించి అక్కడితో ఆగి ఉంటారు. బౌండరీ ఒంటరిగా ఏ పనీ చేయదు. దాన్ని బౌండరీ గ్రూపులో చేర్చి, ఆ గ్రూపుకు ఉప్పల్ డిస్ట్రిబ్యూషన్ పాయింట్‌ను (సాఫ్ట్‌వేర్ అందించే సర్వర్‌ను) జతచేయాలి. ఏ గ్రూపులోనూ లేని కంప్యూటర్ సైట్ డిఫాల్ట్ గ్రూపును ఆశ్రయిస్తుంది. మీ అవస్థ బహుశా ఇదే. ప్యాకేజీ అసలు ఉప్పల్ సర్వర్‌కు చేరిందా? అదీ చూడండి.

బౌండరీ రకంగా సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో ఒక భాగం) కన్నా ఐపీ రేంజే (మొదటి, చివరి చిరునామాలు) మేలంటాను: 10.20.4.1 నుంచి 10.20.7.254 వరకు అని రాసేస్తే సబ్‌నెట్ పరిమాణం చెప్పే మాస్కుల తికమక ఉండదు. వైఫై చిరునామాలను మరవకండి. ఇంటి నుంచి పనిచేసేవారికి 2020లో వచ్చిన 2006 వెర్షన్ (ఇది వెర్షన్ సంఖ్య, ఏడాది కాదు) నుంచి వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు సురక్షిత మార్గం) బౌండరీ విడిగా ఉంది.