భాషా సందేహాలు: ‘చెక్కు’కు ఏ స్పెల్లింగు సరైనది?

ప్రశ్న: అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి మొన్న పంపిన ఈమెయిల్‌లో బ్యాంకు చెక్కును సి, హెచ్, ఇ, సి, కె అని రాసింది. తప్పని చెబితే, అక్కడ అందరూ అలాగే రాస్తారని వాదించింది. మాకు బడిలో సి, హెచ్, ఇ, క్యు, యు, ఇ అని నేర్పారు. ఇద్దరిలో ఎవరిది ఒప్పు? చెక్‌పోస్టుకూ, చెక్‌డ్యాముకూ, గళ్ళ చొక్కాకూ బ్యాంకు చెక్కుతో ఏమైనా చుట్టరికం ఉందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇద్దరిదీ ఒప్పే. బ్యాంకు మీద రాసిచ్చే కాగితానికి అమెరికాలో ‘సికె’తో ముగిసే స్పెల్లింగు, బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ ‘క్యుయుఇ’తో ముగిసే స్పెల్లింగు వాడుకలో ఉన్నాయి. అమెరికాకు ఆనుకునే ఉన్నా, కెనడా ఈ మాటలో మాత్రం బ్రిటిష్ పద్ధతినే పాటిస్తుంది. అయితే ఆపడం, సరిచూడడం అనే అర్థాల్లో ఎక్కడైనా ‘సికె’ స్పెల్లింగే రాయాలి. చెక్‌పోస్టును ‘క్యుయుఇ’తో రాస్తే లండన్‌లోనూ తప్పే అవుతుంది.

చుట్టరికం సంగతి ఇంతకంటే రుచికరమైనది. మీరు అడిగిన మాటలన్నీ ఒకే ఇంటివి, ఆ ఇల్లు చదరంగం బల్ల. మన చతురంగం పర్షియాకు వెళ్ళినప్పుడు, రాజుకు ప్రమాదం వచ్చిందని హెచ్చరించడానికి అక్కడి ఆటగాళ్ళు ‘షాహ్’ అనేవారు; ఆ భాషలో షాహ్ అంటే రాజు. ఆ మాట అరబ్బుల మీదుగా, లాటిన్ మీదుగా పాత ఫ్రెంచిలోకి చేరి, అక్కడి నుంచి ఇంగ్లీషులో ‘చెక్’ అయింది. ఆ ఫ్రెంచి మాటకు బహువచన రూపమే ‘చెస్’. రాజుకు చెక్ పడితే అవతలివాడు తన ఎత్తులన్నీ పక్కన పెట్టి ముందు దాని సంగతి చూసుకోవాలి కనుక, ఆ మాటకు అడ్డగించడం, నిలువరించడం అనే అర్థాలు వచ్చాయి. వాగు నీటిని నిలువరించేది చెక్‌డ్యాము. ‘ప్రత్యర్థికి చెక్’ అని శీర్షిక పెట్టే మన పత్రికలవారు, తెలిసో తెలియకో, మూలార్థానికి చాలా దగ్గరగా ఉన్నారు. ఆపి సోదా చేసే చోట ఆపడం, సరిచూడడం కలిసిపోతాయి. రైల్లో టికెట్ చెకింగూ, ఆసుపత్రిలో చెకప్పూ ఆ రెండో అర్థంలో పుట్టినవే.

గళ్ళ చొక్కా నేరుగా చదరంగం బల్ల నుంచే వచ్చింది. ఇక్కడ బ్రిటిష్ వారి తీరు కాస్త విచిత్రంగా ఉంటుంది: చొక్కా మీది గళ్ళకు ‘సికె’ రాస్తారు గాని, ‘గళ్ళుగళ్ళుగా ఉన్న’ అనే విశేషణానికి, అంటే మోటారు పందేల్లో చివర ఊపే నలుపు తెలుపు జెండా వంటి వాటికి, ‘క్యుయు’ రాస్తారు. అమెరికావారు ఆ విశేషణాన్నీ ‘సికె’తోనే రాసేస్తారు. ఈ విషయంలో నాకు అమెరికా పద్ధతే తిన్నగా కనిపిస్తుంది.

ఇక ‘క్యుయుఇ’ ఎక్కడిది? 12వ శతాబ్దంలో ఇంగ్లండు రాజుగారి ఖజానా లెక్కలు ఒక పెద్ద బల్ల మీద తేల్చేవారు. ఆనాటి కోశాధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ వర్ణన ప్రకారం ఆ బల్ల పొడవు సుమారు 10 అడుగులు, వెడల్పు 5 అడుగులు. దాని మీద గీతలు గీసిన నల్లని గుడ్డ పరిచి, పౌండ్లకూ షిల్లింగులకూ పెన్నీలకూ వేరువేరు వరుసల్లో బిళ్ళలు పేర్చి లెక్క చూసేవారు. చదరంగం బల్లను పోలి ఉండడంతో ఆ శాఖకే ‘ఎక్స్‌చెకర్’ అనే పేరు స్థిరపడింది. బ్రిటన్ ఆర్థిక మంత్రిని ఇప్పటికీ ‘ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’ అనే అంటారు. తరువాత 18వ శతాబ్దంలో, సొమ్ము పత్రాల్లో మోసం జరగకుండా సరిచూసుకోవడానికి అట్టిపెట్టుకునే సగం ముక్కను, అంటే ఇప్పుడు మనం కౌంటర్‌ఫాయిల్ అనేదాన్ని, ‘చెక్’ అనేవారు. క్రమంగా ఆ పేరు అసలు పత్రానికే అంటుకుంది. మొదట్లో దాన్నీ ‘సికె’తోనే రాశారు, ఖజానా పేరులోని ‘క్యుయు’ ప్రభావంతో బ్రిటన్‌లో కొత్త స్పెల్లింగు పుట్టి స్థిరపడింది. అంటే మీ అమ్మాయి రాసిందే పాతది!

మన దేశంలో మాత్రం మీ స్పెల్లింగే రాయండి. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 6వ సెక్షన్‌లో చెక్కును నిర్వచించింది ఆ స్పెల్లింగుతోనే. చెక్కు బౌన్సు కేసులు నడిచే 138వ సెక్షన్‌లోనూ అదే ఉంది.

తెలుగు లిపిలో రాసినప్పుడు ఈ తగవు ఉండదు గాని, మరో చిక్కు ఉంది. శిల్పి చెక్కే ‘చెక్కు’, దోసకాయకు తీసే ‘చెక్కు’ మన సొంత మాటలు. ‘చెక్కు చెదరలేదు’ అన్నప్పుడు బ్యాంకువారికి అందులో ప్రమేయం లేదు.

అమెరికాలో హోటల్ బిల్లునూ ‘చెక్’ అంటారు. భోజనమయ్యాక మీ అమ్మాయి చెక్ అడిగిందంటే, సొమ్ము వచ్చేది ఆమెకు కాదు, హోటలువారికే.